కోచ్ మార్పు కాలంలో కళాశాల ఫుట్‌బాల్ రిక్రూటింగ్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కళాశాల ఫుట్‌బాల్ జట్లు ఉన్నత పాఠశాల విద్యార్థులను ఎంచి, స్కాలర్‌షిప్ ఇచ్చి తమ జట్టులో చేర్చుకొనే ప్రక్రియను రిక్రూటింగ్ అంటారు. ఈ ప్రక్రియ సాగుతుండగానే జట్టు ప్రధాన శిక్షకుడు, అనగా హెడ్ కోచ్, తొలగింపునకు గురైనా, పదవీ విరమణ చేసినా, వేరొక కళాశాలకు వెళ్ళినా, అప్పటివరకు ఆ జట్టుకు మాట ఇచ్చిన విద్యార్థుల భవితవ్యం సందిగ్ధంలో పడుతుంది. విద్యార్థి సాధారణంగా కోచ్‌ను నమ్మి మాట ఇస్తాడు, కాని సంతకం చేసేది కళాశాలకు. ఈ రెండింటి మధ్య గల అంతరమే ఈ సమస్యకు మూలం. 1964 నుండి వచ్చిన పలు నిబంధనలు ఈ అంతరం వలన కలిగే నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

నేపథ్యం

ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అనగా అమెరికన్ ఫుట్‌బాల్. భారతదేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. కళాశాల క్రీడలను నియంత్రించే ప్రధాన సంస్థ 1906లో ఏర్పడిన నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. దీనిని క్లుప్తంగా ఎన్.సి.ఎ.ఎ. అంటారు. ఫుట్‌బాల్‌లో దీని అత్యున్నత విభాగం ఫుట్‌బాల్ బౌల్ సబ్‌డివిజన్. ఇందులో 130కి పైగా కళాశాలల జట్లు ఉన్నాయి. ఈ విభాగంలో ఒక్కొక్క జట్టు గరిష్ఠంగా 85 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చునన్న పరిమితి 1990ల ఆరంభం నుండి 2025 వరకు అమలులో ఉండేది.

భారతదేశంలో క్రీడల కోటాలో సీటు పొందే విద్యార్థి తానే దరఖాస్తు చేసుకుంటాడు. అమెరికాలో ఫుట్‌బాల్ విషయం ఇందుకు భిన్నం. ఇక్కడ కోచ్‌లే పాఠశాలలకు, ఇళ్ళకు వెళ్ళి విద్యార్థులను, వారి తల్లిదండ్రులను కలుస్తారు. పదిహేను, పదహారు సంవత్సరాల వయసు నుండే ఈ పరిచయాలు మొదలవుతాయి. ప్రధాన కోచ్ కంటే, విద్యార్థి ఆడే స్థానానికి శిక్షణ ఇచ్చే సహాయ కోచ్‌తోనే తరచుగా ఎక్కువ చనువు ఏర్పడుతుంది. ఎక్కువ మంది క్రీడాకారులకు స్కాలర్‌షిప్ ద్వారా చదువు, వసతి, భోజనం ఉచితంగా లభిస్తాయి కనుక, చాలా కుటుంబాలకు ఇది ఆట విషయం మాత్రమే కాక ఆర్థిక నిర్ణయం కూడా.

మాట, సంతకం

రిక్రూటింగ్‌లో రెండు దశలు ఉంటాయి. మొదటిది నోటిమాట. ఫలానా కళాశాలలో చేరుతానని విద్యార్థి ప్రకటించడాన్ని కమిట్‌మెంట్ అంటారు. దీనికి ఇరుపక్షాలా ఎటువంటి కట్టుబాటు లేదు. విద్యార్థి మాట వెనక్కు తీసుకోవచ్చు, కళాశాల కూడా తన ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు.

రెండవది సంతకం. 1964లో నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే ఒప్పంద పత్రం ప్రవేశపెట్టబడింది. దీనిపై సంతకం చేసిన విద్యార్థి ఒక విద్యా సంవత్సరం ఆ కళాశాలలో చదవవలసి ఉండేది, కళాశాల ఒక సంవత్సరం ఆర్థిక సహాయం ఇవ్వవలసి ఉండేది. సంతకం అయిన తరువాత ఇతర కళాశాలలు ఆ విద్యార్థిని ఆకర్షించే ప్రయత్నం చేయరాదు. తాను సంతకం చేసినది కళాశాలకే గాని ఏ ఒక్క కోచ్‌కూ కాదని విద్యార్థి అంగీకరించే నిబంధన ఆ పత్రంలోనే ఉండేది. కోచ్ వెళ్ళిపోయినా ఒప్పందం చెల్లేది. కళాశాల విడుదల చేయకుండా వేరొక చోట చేరితే విద్యార్థి ఒక సంవత్సరం ఆటకు దూరంగా ఉండటమే గాక, ఆడుటకు గల నాలుగు సీజన్లలో ఒకటి కోల్పోయేవాడు.

చాలాకాలం ఫిబ్రవరి నెల మొదటి బుధవారం నాడు ఈ సంతకాలు ప్రారంభమయ్యేవి. 2017 నుండి డిసెంబరులో కూడా సంతకం చేసే అవకాశం కల్పించారు. దానితో అధిక సంఖ్యాకులు డిసెంబరులోనే సంతకాలు ముగించసాగారు. 2024లో ఈ గడువు డిసెంబరు మొదటి బుధవారానికి జరిగింది. జట్ల సాధారణ సీజన్ నవంబరు చివరితో ముగుస్తుంది. కోచ్‌ల తొలగింపులు, నియామకాలు ఎక్కువగా జరిగేది ఆ రోజులలోనే. అందువలన ఒకప్పుడు రెండు నెలలు ఉండే వ్యవధి కొన్ని సందర్భాలలో కొద్ది రోజులకు కుదించుకుపోయింది.

కోచ్ మారినపుడు జరిగేది

* మాట ఇచ్చిన విద్యార్థులలో కొందరు వెంటనే తమ మాటను ఉపసంహరించుకుంటారు. దీనిని డీకమిట్ అంటారు. మరికొందరు కొత్త కోచ్ ఎవరో తెలిసే వరకు వేచి ఉంటారు.
* ఇంకా సంతకం చేయని విద్యార్థులను ఇతర కళాశాలలు వెంటనే సంప్రదిస్తాయి.
* వెళ్ళిపోయిన కోచ్ తన కొత్త కళాశాలకు పాత విద్యార్థులను పిలుస్తాడు.
* కొత్త కోచ్ తన ఆట పద్ధతికి తగిన వారిని కోరుకుంటాడు. పాత కోచ్ ఇచ్చిన ప్రతిపాదనలన్నిటినీ అతడు గౌరవిస్తాడన్న హామీ లేదు. తిరస్కరణ పొందిన విద్యార్థికి, అప్పటికి ఇతర కళాశాలలలో ఖాళీలు నిండిపోయి ఉండటం వలన, తక్కువ స్థాయి అవకాశమే మిగలవచ్చు.
* జట్టులో ఇప్పటికే ఉన్న క్రీడాకారులు కూడా ఉండాలో, వెళ్ళాలో నిర్ణయించుకోవలసి వస్తుంది.

ప్రముఖ ఉదాహరణలు

టెన్నెసీ, 2010

2010 జనవరి 12న లేన్ కిఫిన్ ఒకే ఒక్క సీజన్ తరువాత టెన్నెసీ విశ్వవిద్యాలయాన్ని వీడి, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడి కోచ్ పీట్ కారల్ వృత్తి క్రీడా జట్టైన సియాటిల్ సీహాక్స్‌కు వెళ్ళడంతో ఆ పదవి ఖాళీ అయింది. కిఫిన్ నిష్క్రమణ వార్త తెలిసిన రాత్రి టెన్నెసీ విద్యార్థులు ప్రాంగణంలో నిరసన తెలిపారు. జనవరి 15న నియమితుడైన డెరిక్ డూలీకి ఫిబ్రవరి 3 నాటి సంతకాల వరకు మిగిలినది 19 రోజులు మాత్రమే.

రోక్వాన్ స్మిత్, 2015

జార్జియా రాష్ట్రానికి చెందిన రోక్వాన్ స్మిత్ 2015 ఫిబ్రవరి 4న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరుతున్నట్లు టెలివిజన్‌లో ప్రకటించాడు. కాని ఒప్పంద పత్రం పంపక ముందే, తనను ఎంపిక చేసిన సహాయ కోచ్ జెఫ్ ఉల్‌బ్రిక్ అట్లాంటా ఫాల్కన్స్ జట్టుకు వెళ్తున్నాడన్న వార్త వెలువడింది. స్మిత్ పత్రాన్ని పంపలేదు. తరువాత జార్జియా విశ్వవిద్యాలయంలో చేరాడు, కాని అక్కడ కూడా లెటర్ ఆఫ్ ఇంటెంట్‌పై సంతకం చేయక, ఆర్థిక సహాయ ఒప్పందంపై మాత్రమే సంతకం చేశాడు. ఆర్థిక సహాయ ఒప్పందం కళాశాలను కట్టివేస్తుంది గాని విద్యార్థిని కాదు. అదే సంవత్సరాంతంలో జార్జియా కోచ్ మార్క్ రిక్ట్ తొలగింపునకు గురైనా, స్మిత్ అక్కడే కొనసాగి 2017లో బట్కస్ పురస్కారం పొందాడు. 2018లో షికాగో బేర్స్ జట్టు అతనిని మొదటి రౌండులో ఎనిమిదవ వానిగా ఎంచుకున్నది. లెటర్ ఆఫ్ ఇంటెంట్ తప్పనిసరి కాదన్న విషయం ఈ సంఘటనతో విస్తృతంగా తెలిసివచ్చింది. అయితే ఇటువంటి బేరం పేరుపొందిన క్రీడాకారులకే సాధ్యం. సామాన్య క్రీడాకారుడు సంతకానికి నిరాకరిస్తే ఆ స్థానం వేరొకరికి పోయే ప్రమాదం ఉండేది.

ఓక్లహోమా, 2021

2021 నవంబరు 28న ఓక్లహోమా విశ్వవిద్యాలయపు కోచ్ లింకన్ రైలీ సదరన్ కాలిఫోర్నియాకు వెళ్ళాడు. డిసెంబరు సంతకాలకు అప్పటికి 17 రోజులు మిగిలి ఉన్నాయి. ఓక్లహోమాకు మాట ఇచ్చిన కాలిఫోర్నియా క్వార్టర్‌బ్యాక్ మలకై నెల్సన్ కొద్ది రోజులలోనే రైలీ వెంట నడిచాడు. అప్పటికే ఓక్లహోమా జట్టులో ఉన్న కేలబ్ విలియమ్స్ కూడా 2022 ఫిబ్రవరిలో రైలీని అనుసరించాడు. విలియమ్స్ ఆ సంవత్సరమే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. నెల్సన్‌కు అక్కడ తగిన అవకాశం రాక, 2023 సీజన్ తరువాత బోయిసీ స్టేట్‌కు, ఆపై టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఎల్ పాసో శాఖకు మారాడు. కోచ్ వెంట వెళ్ళుట ఒకరికి కలిసివచ్చింది, మరొకరికి కలిసిరాలేదు.

కొలరాడో, 2022

2022 సీజన్‌లో 12 ఆటలలో ఒక్కటే గెలిచిన కొలరాడో విశ్వవిద్యాలయం డిసెంబరులో డియాన్ శాండర్స్‌ను కోచ్‌గా నియమించింది. ఆయన జట్టుతో జరిపిన తొలి సమావేశంలోనే క్రీడాకారులను ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి వెళ్ళమని బహిరంగంగా సూచించాడు. తరువాతి వసంతానికి 50 మందికి పైగా జట్టును వీడారు. శాండర్స్ పూర్వం పనిచేసిన జాక్సన్ స్టేట్ నుండి ట్రావిస్ హంటర్ వంటి వారు వచ్చి చేరారు. హంటర్ 2024లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. జట్టు 2023లో నాలుగు, 2024లో తొమ్మిది ఆటలు గెలిచింది. బదిలీ స్వేచ్ఛ క్రీడాకారునికి ఎంత ఉపకరిస్తుందో, పాతవారిని సాగనంపదలచిన కొత్త కోచ్‌కు కూడా అంతే ఉపకరిస్తుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

అలబామా, 2024

అలబామా విశ్వవిద్యాలయానికి ఆరు జాతీయ విజేత బిరుదులు సాధించిపెట్టిన నిక్ సేబన్ 2024 జనవరి 10న పదవీ విరమణ ప్రకటించాడు. విద్యార్థులలో అధికులు డిసెంబరులోనే సంతకాలు చేసి ఉన్నారు. రెండు రోజులలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుండి కేలన్ డిబోర్ నియమితుడయ్యాడు. వాషింగ్టన్ ఆరిజోనా నుండి జెడ్ ఫిష్‌ను, ఆరిజోనా శాన్ హోసే స్టేట్ నుండి బ్రెంట్ బ్రెనన్‌ను, శాన్ హోసే స్టేట్ కెన్ నియుమటలోలోను తెచ్చుకున్నాయి. ఒక వ్యక్తి పదవీ విరమణ ఒకే నెలలో నాలుగు జట్లను కదిలించింది. అప్పటి నిబంధన ప్రకారం ఆ నాలుగు జట్ల క్రీడాకారులకు కూడా బదిలీకి 30 రోజుల గడువు తెరుచుకున్నది.

డిసెంబరులో అలబామాకు సంతకం చేసి జనవరిలో ప్రాంగణంలో చేరిన క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ అదే నెలలో ఒహాయో స్టేట్‌కు మారాడు. రక్షణ శ్రేణి క్రీడాకారుడు కేలబ్ డౌన్స్ కూడా అక్కడికే వెళ్ళి, తరువాతి సీజన్‌లో జాతీయ విజేత జట్టులో సభ్యుడయ్యాడు. ఇంకా సంతకం చేయని రయన్ విలియమ్స్ సేబన్ ప్రకటన వెలువడగానే తన మాట ఉపసంహరించుకొని, కొద్ది వారాలలో తిరిగి అలబామానే ఎంచుకున్నాడు. 2024 సెప్టెంబరు 28న జార్జియాపై అలబామా 41-34తో గెలిచిన ఆటలో, 17 ఏళ్ళ విలియమ్స్ చివరి నిమిషాలలో 75 గజాల టచ్‌డౌన్ సాధించాడు.

పెన్ స్టేట్, మిసిసిపీ, 2025

2025 అక్టోబరు 12న పెన్ స్టేట్ తన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించింది. నవంబరులో ఆయన వర్జీనియా టెక్‌లో చేరగా, పెన్ స్టేట్‌కు మాట ఇచ్చిన పలువురు ఆయన వెంట వెళ్ళారు. డిసెంబరు 3న, సంతకాల మొదటి రోజున, పెన్ స్టేట్‌కు సంతకం చేసినవారు ఇద్దరే. అదే సంవత్సరం నవంబరు 30న, సంతకాలకు మూడు రోజుల ముందు, లేన్ కిఫిన్ 11 ఆటలు గెలిచిన మిసిసిపీ జట్టును వీడి లూసియానా స్టేట్‌కు వెళ్ళాడు. మిసిసిపీ తన సహాయ కోచ్ పీట్ గోల్డింగ్‌నే ఆ స్థానంలో నియమించింది.

నిబంధనలలో మార్పులు

1973 నుండి స్కాలర్‌షిప్‌లు ఏడాదికొకసారి పునరుద్ధరించే పద్ధతిలో ఉండేవి. అనగా కొత్త కోచ్ మరుసటి సంవత్సరం వాటిని నిలిపివేయగలిగేవాడు. 2012లో బహుళ సంవత్సరాల స్కాలర్‌షిప్‌లకు అనుమతి లభించింది. 2015లో ఐదు పెద్ద కాన్ఫరెన్సులు ఆటలో ప్రతిభ చాలదన్న కారణంతో స్కాలర్‌షిప్ నిలిపివేయరాదని తీర్మానించాయి.

బదిలీల విషయంలో మార్పులు మరింత వేగంగా వచ్చాయి. పూర్వం ఈ విభాగంలో కళాశాల మారిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు సాధారణంగా ఒక సంవత్సరం ఆడకుండా ఉండవలసి వచ్చేది, కోచ్‌కు అటువంటి నిబంధన ఏదీ లేదు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. 2021లో ఒకసారి, 2024లో ఎన్నిసార్లైనా, చదువులో అర్హత ఉంటే విరామం లేకుండా మారే వీలు కలిగింది. 2021 జూలై 1 నుండి క్రీడాకారులు తమ పేరు, రూపం ద్వారా ఆదాయం పొందవచ్చును. 2024 అక్టోబరులో లెటర్ ఆఫ్ ఇంటెంట్ రద్దయింది. 2025 జూన్‌లో ఒక న్యాయస్థానపు ఆమోదం పొందిన పరిష్కారం ప్రకారం కళాశాలలు నేరుగా క్రీడాకారులకు ఆదాయంలో వాటా ఇవ్వవచ్చును. ఆ పరిష్కారంలో చేరిన కళాశాలల ఫుట్‌బాల్ జట్లకు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి 105 మంది సభ్యుల పరిమితి వచ్చింది.

కోచ్ మారినపుడు ఉండిన 30 రోజుల గడువును 2025 అక్టోబరులో సవరించారు. దాని ప్రకారం కొత్త కోచ్ నియామకం జరిగిన ఐదు రోజుల తరువాత 15 రోజుల గడువు మొదలవుతుంది. క్రీడాకారుడు కొత్త కోచ్‌తో మాట్లాడిన తరువాతనే నిర్ణయించుకొనే వీలు దీని వలన కలుగుతుంది.

వాదప్రతివాదాలు

పాత పద్ధతిపై ప్రధాన విమర్శ అసమానత. కోచ్ ఒప్పందంలో తొలగింపునకు పరిహారం ముందే వ్రాసి ఉంటుంది. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం జింబో ఫిషర్‌ను తొలగించినపుడు ఆయనకు చెల్లించవలసిన మొత్తం సుమారు 7.6 కోట్ల డాలర్లు. ఆయనను నమ్మి సంతకం చేసిన విద్యార్థికి అటువంటి రక్షణ ఏదీ లేదు.

కొత్త పద్ధతిపై విమర్శలు వేరు. అనుభవం గల బదిలీ క్రీడాకారులు లభిస్తున్నందున, కోచ్‌లు పాఠశాల విద్యార్థులకు ఇచ్చే స్థానాలు తగ్గుతున్నాయన్నది ఒకటి. పలుమార్లు కళాశాలలు మారేవారి చదువు కుంటుపడుతుందన్నది మరొకటి. జట్టును నిలబెట్టుకోవడం చిన్న కళాశాలలకు కష్టమవుతున్నదన్నది ఇంకొకటి. కోచ్‌ల నియామకాలు, సంతకాల తేదీలు, జాతీయ ప్లేఆఫ్ పోటీలు ఒకే కాలంలో పడటం వలన ఈ ఒత్తిడి పెరుగుతున్నదన్న అభిప్రాయం కోచ్‌లలోనూ ఉన్నది.

రిక్రూటింగ్‌లో అనుభవజ్ఞులు విద్యార్థులకు తరచుగా ఇచ్చే సలహా, కోచ్ లేకపోయినా, ఆటే లేకపోయినా చదవదలచిన కళాశాలను ఎంచుకోమన్నది. కాని విద్యార్థి ఇంటికి వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడేది కళాశాల కాదు, కోచ్. అందువలన నిబంధనలు ఎన్ని మారినా, కోచ్ మారిన ప్రతిసారీ ఇదే ప్రశ్న మళ్ళీ తలెత్తుతున్నది.