గోడ మీది లక్ష్మి, పెట్టెలోని సరస్వతి

మీ ఇంట్లో పాతకాలపు రవివర్మ పటం ఒక్కటైనా వుంటే, ఈసారి దీపం పెట్టేటప్పుడు దాన్ని కాస్త తేరిపార చూడండి. అమ్మవారి చీర ఎరుపేనా? పద్మాలు గులాబీ రంగులోనే వున్నాయా? లేక అన్నీ కలిసి పలచని తేనీటి రంగులోకి దిగిపోయాయా? రోజూ చూసే ముఖం కదా, మార్పు కంటికి ఆనదు. పిల్లలు ఎదుగుతున్నారని ఇంట్లో వాళ్ళకంటే పైఊరినుంచి వచ్చిన చుట్టాలకే ముందు తెలుస్తుంది చూశారూ, ఇదీ అంతే.

ఈ పటాల పుట్టుక ఓ చిత్రమైన కథ. రవివర్మ 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. తైలవర్ణ చిత్రాలు వేసి రాజాస్థానాల్లో మెప్పు పొందాడు. కానీ రాజుగారి దివాణంలో వేలాడే బొమ్మని పల్లెటూరి ఇల్లాలు ఎప్పుడు చూసేను? దివాను మాధవరావుగారు ఆయనకో సలహా చెప్పారు: మీ బొమ్మల్ని అచ్చు వేయించండి, దేశమంతా చూస్తుంది, అని. 1894లో బొంబాయిలో రవివర్మ అచ్చుకూటం పెట్టాడు. యంత్రాలు, పనివాళ్ళు జర్మనీ నుంచి వచ్చారు. మొదట అచ్చయిన బొమ్మ శకుంతల జననమని చెబుతారు. ఆ తరవాత వచ్చిన లక్ష్మీ సరస్వతులు మాత్రం మన ఇళ్ళల్లో స్థిరపడిపోయారు.

అచ్చు అంటే ఇప్పటి అచ్చు కాదు. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసేవారు. రాతిని తడిపితే జిడ్డు వున్నచోట నీరు నిలవదు, నీరు వున్నచోట రంగు అంటదు. వంటింట్లో నూనెగిన్నె కడిగే మనకి ఈ సూత్రం ఒకరు చెప్పాలా! ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఎన్ని రంగులో అన్ని రాళ్ళు, అన్నిసార్లు అదే కాగితం మీద తు.చ. తప్పకుండా ఒత్తాలి. చివర వార్నీషు పూస్తే తైలవర్ణ చిత్రంలా మెరిసేది. కొందరు ఆడవాళ్ళకి ఆ మెరుపూ చాలక, అమ్మవారి చీరకి నిజమైన జరీ, తళుకులు కుట్టి మరీ అలంకరించారు.

తరవాత అచ్చుకూటం లోణావాలా దగ్గరి మాలవ్లీకి మారింది. లెక్కలు కుదరక రవివర్మ దాన్ని ఓ జర్మన్ నిపుణుడికి అమ్మేశాడు. 1906లో ఆయనా పోయాడు. 1972లో ఆ అచ్చుకూటం తగలబడి చాలా సరుకు బుగ్గయిపోయింది. అంటే ఇప్పుడు మిగిలింది ఎక్కడ? కొన్ని ప్రదర్శనశాలల్లో, సేకరించేవాళ్ళ దగ్గర, ఇంకా మన అటకల మీద, పెట్టెల అడుగున. అందుకే ఈ నాలుగు మాటలూ చెప్పాలనిపించింది.

మా అమ్మమ్మగారింట్లో లక్ష్మీ, సరస్వతీ ఒకే తీర్థంలో కొన్నవే. లక్ష్మికి పటం కట్టించి సావట్లో తగిలించారు. రెండోదానికి చట్రానికి డబ్బు చాలలేదట. సరస్వతిని తాతయ్య పాత పంచెలో చుట్టబెట్టకుండా, పరచినట్టుగా మడతల మధ్య వుంచి, ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున పెట్టింది అమ్మమ్మ. యేళ్ళ తరవాత రెండూ నా చేతికొచ్చాయి. పూజలందుకున్న లక్ష్మి వెలిసిపోయింది. పటం విప్పితే వెనక రెండు చెక్కముక్కలు, వాటి మధ్య సందు. ఆ సందు ఎంత వుందో అంత గోధుమరంగు గీత అమ్మవారి ముఖం మీదుగా దిగింది. పెట్టెలో పడివున్న సరస్వతి మాత్రం నిన్న కొన్నట్టే వుంది, నెమలి కంఠంలో నీలంతో సహా.

దీనికి కారణం కాగితంలోనే వుంది. పూర్వం కాగితాన్ని చింకిబట్టలతో చేసేవారు, అందుకే వందలయేళ్ళు నిలిచేది. 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన సిరా పాకకుండా గుజ్జులో పటికా, చెట్టు బంకా కలపడం కనిపెట్టాడు. 1844 నాటికి కెల్లర్ అనే మరో జర్మన్ చెక్కని నూరి గుజ్జు చేశాడు. కాగితం చవకైంది, పుస్తకాలూ బొమ్మలూ పేదవాళ్ళకీ అందాయి. కానీ పటికా, చెక్కా కలిసి కాగితంలోనే ఆమ్లాన్ని పుట్టిస్తాయి. లోపలినుంచే మెల్లిగా తినేస్తాయి. చవగ్గా అందినది చప్పున పోయే ఏర్పాటు కూడా దానితోనే వచ్చిందన్నమాట! పటం వెనక చెక్కా, నాసిరకం అట్టా కూడా అదే ఆమ్లాన్ని బొమ్మకి అంటిస్తాయి. పైనుంచి ఎండ రంగుని లాగేస్తుంది.

వెలుతురు ఎంత పాడు చేస్తుందో తెలిసినవాళ్ళు ఎంతదూరం వెళ్ళారో వినండి. జపాను చెక్క అచ్చుల బొమ్మల్లో కుసుమపువ్వు ఎరుపు, ఓ రకం పువ్వునుంచి తీసిన నీలం వుండేవి. రెండూ వెలుతురు తగిలితే నిలవవు. అమెరికాలో స్పాల్డింగ్ సోదరులిద్దరు అలాంటివి ఆరువేలకు పైగా సేకరించి, 1921లో బోస్టన్ ప్రదర్శనశాలకి దానం చేస్తూ ఒక షరతు పెట్టారు: వీటిని ఎన్నడూ ప్రదర్శనకి పెట్టకూడదు! బొమ్మలేమో చూడడానికి, షరతేమో చూపించవద్దని. నవ్వొస్తుంది కదూ? కానీ ప్రపంచంలో మిగతాచోట్ల పాలిపోయిన రంగులు అక్కడ ఇంకా తాజాగా వున్నాయి. ఇప్పుడు ఫొటోలు తీసి కంప్యూటరులో అందరికీ చూపిస్తున్నారు.

మనకి వేలబొమ్మలు లేవు. ఓ రవివర్మో, పాత "భారతి"లోంచి తీసిపెట్టిన రంగుల చిత్రమో, "చందమామ", "యువ"ల మీద వడ్డాది పాపయ్యగారు వేసిన అట్టబొమ్మలో వుంటాయి. పటం కట్టించనివాటిని దాచడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, పట్టుచీర దాచే బుద్ధి చాలు.

చుట్టచుట్టి రబ్బరుబ్యాండు వేయకండి. విప్పినప్పుడల్లా పగుళ్ళు పుడతాయి. బల్లపరుపుగా పరచి వుంచాలి. బొమ్మకీ బొమ్మకీ మధ్య వార్తాపత్రిక వద్దు, అది అన్నిటికంటే చెడ్డ కాగితం. ఆమ్లం లేని కాగితం పెద్ద ఊళ్ళలో దొరుకుతుంది. దొరక్కపోతే ఎన్నోసార్లు ఉతికిన తెల్లని నూలుబట్ట మేలు. గంజి మాత్రం వుండకూడదు సుమా. గంజి వాసనకి కాగితాల మధ్య పాకే ఆ వెండిరంగు పురుగు పెళ్ళివారిలా దిగుతుంది. మైదా జిగురూ దానికి విందే. చిరిగినచోట అంటించే పారదర్శకపు టేపు కొన్నాళ్ళకి పసుపు మరకై కూర్చుంటుంది. లామినేషను చేయిస్తే ఇక తీయడమన్నది లేదు, బొమ్మ అందులోనే బందీ.

చెక్కపెట్టెకంటే రంగువేసిన ఇనపబీరువా నయం. అటక మీద వేడి, నేలమీద చెమ్మ, రెండూ వద్దు. బయటి గోడకి ఆనించక, లోపలి గదిలో, కాస్త ఎత్తుమీద వుంచండి. కలరా ఉండలు బొమ్మని తాకకూడదు. పచ్చి వేపాకులో తడి వుంటుంది, అదీ వద్దు. ఎవరిదో, ఎప్పటిదో రాయదలిస్తే వెనకవైపు అంచున మెత్తటి పెన్సిలుతో రాయండి, పెన్నుతో కాదు. ఆ రాత ముఖ్యం. పేరులేని బొమ్మని మనవరాలు పాతకాగితాలవాడికి వేసేస్తుంది.

మరి దాచుకుంటూ కూర్చుంటే చూసేదెప్పుడు? స్పాల్డింగ్ గారి షరతు నాకు నచ్చదు. మా అమ్మమ్మ లక్ష్మి వెలిసిపోయినా అరవయ్యేళ్ళు దండాలందుకుంది, ముగ్గురాడపిల్లల పెళ్ళిళ్ళు చూసింది. అది వ్యర్థమని ఎలా అంటాను? పూజకి కావాలంటే మంచి నకలు తీయించి గోడకి పెట్టుకోండి. అసలుది పెట్టెలో వుంచండి. సంక్రాంతికి ముందు బూజులు దులిపే రోజుల్లో గాలి పొడిగా వుంటుంది. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, నీడపట్టున తీసి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చూపించండి. రాజుల బొక్కసాల్లో వున్నవాటికి కాపలాదార్లు వుంటారు. మన ఇళ్ళల్లో వున్నవాటికి మనమే.