సాసేజీ విషం సూదిమందైన వైనం

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో సరిగా ఉడకని, పాడైన సాసేజీలు తిని జనం చనిపోయేవారు. యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు (ఆయన కవి కూడా) ఆ రోగుల లక్షణాలన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. కనురెప్పలు వాలిపోతాయి. నోరెండిపోతుంది, కన్నీళ్లు కూడా రావు. మింగుడు పడదు. స్పృహ మాత్రం చెక్కుచెదరదు. ఆ విషపు సారాన్ని తానే నోట్లో వేసుకుని పరీక్షించాడు. 1822లో పుస్తకం ప్రచురించాడు. అందులో నన్ను కట్టిపడేసేది ఆయన చేసిన ఊహ. ఇదే విషాన్ని అతి స్వల్పంగా ఇస్తే అదుపు తప్పిన కదలికలనూ, అతిగా పట్టే చెమటనూ తగ్గించవచ్చన్నాడు!

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్‌లో అంత్యక్రియలకు వచ్చిన బ్యాండు వాళ్లు నిల్వ ఉంచిన పందిమాంసం తిన్నారు. ముగ్గురు చనిపోయారు. బాక్టీరియా శాస్త్రవేత్త ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలోనే, గాలి లేనిచోట పెరిగే బాక్టీరియాను పట్టుకున్నాడు. కెర్నర్ చూసిన విషాన్ని పుట్టించేది అదే, క్లాస్ట్రీడియం బొటులినం. కండరాన్ని కదిలించే అసిటైల్‌కోలిన్ నరం కొసనుంచి విడుదల కాకుండా దీని విషం అడ్డుకుంటుందని 1949లో తేలింది.

ఈ విషం మందుగా మారింది కంటివైద్యంలో. అప్పట్లో మెల్లకన్నుకు ఎక్కువగా ఆపరేషనే దిక్కు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు అలన్ స్కాట్, కోత లేకుండా కండరాన్ని సడలించే మందు కోసం వెతికాడు. జీవరసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ షాంట్జ్ శుద్ధిచేసిన ఈ విషాన్ని ఆయనకు పంపాడు. కోతుల్లో పనిచేశాక, స్కాట్ దాన్ని 1977లో మనిషి కంటి కండరంలోకి ఎక్కించాడు. సూది సరైన కండరంలో దిగిందో లేదో దాని విద్యుత్ సంకేతాలను బట్టి తెలుసుకునేవాడు. 1989లో అమెరికా ఆమోదించింది. బొటాక్స్ అన్న పేరు ఆ తర్వాత వచ్చింది.

ఇది ముఖం మీది ముడతలనూ పోగొడుతుందన్న సంగతి వాంకూవర్‌లో బయటపడింది. కళ్లు బిగుసుకుపోయే జబ్బుకు సూది వేయించుకున్నవారిలో కనుబొమల మధ్య గీతలు పోవడం కంటివైద్యురాలు జీన్ కారథర్స్ గమనించారు. ఈ మందుకు పేరంతా ఆ ముడతలే తెచ్చిపెట్టాయి. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. మెడ వంకర తిరిగినవారికీ, దీర్ఘకాలపు మైగ్రేన్‌తో నలిగేవారికీ, కెర్నర్ ఊహించినట్టే అతిచెమటకూ ఇదే మందు. సెరిబ్రల్ పాల్సీతో పిక్కలు బిగిసి మునివేళ్ల మీద నడిచే పిల్లలకూ వేస్తున్నారు. నెలలు గడిచేకొద్దీ నరం మళ్లీ కోలుకుంటుంది, బిగువు తిరిగొస్తుంది. అందుకే కండరం మెత్తబడి ఉన్న ఆ మూడు నాలుగు నెలల్లోనే ఫిజియోథెరపిస్టులు పిల్లలచేత మడమ నేలకు ఆనించి నడిపించేందుకు పాటుపడతారు.