కథన వైద్యం

రోగి చెప్పుకునే కథను ఓపికగా విని, అందులోని అర్థాన్ని పట్టుకుని, చికిత్సను దానికి తగ్గట్టు నడిపే పద్ధతి కథన వైద్యం. కథలు, కవితలు చదవడం, సొంతంగా రాయడం ఇందులో శిక్షణ సాధనాలు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 2000 ప్రాంతంలో ఇది ఈ పేరుతో రూపుకట్టింది.

దీని వేర్లు అంతకంటే పాతవి. 1910 నాటి అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక తరువాత అమెరికా వైద్య కళాశాలలు ప్రయోగశాలకు పెద్దపీట వేశాయి. చదువు గట్టిపడింది. రోగి పక్కన కూర్చుని మాట్లాడే నేర్పు మాత్రం వెనకబడింది. రోగిని మనిషిగా చూడాలని 1927లో హార్వర్డ్ వైద్యుడు ఫ్రాన్సిస్ పీబాడీ ఒక వ్యాసంలో గట్టిగా కోరాడు. 1967లో హెర్షీలో మొదలైన పెన్సిల్వేనియా స్టేట్ వైద్య కళాశాల ఆ కొరత తీర్చడానికి పుట్టుకతోనే మానవీయ శాస్త్రాల విభాగాన్ని పెట్టుకుంది. వైద్య కళాశాలలో అలాంటి విభాగం అదే మొదటిది.

కథన వైద్యానికి పేరుపెట్టిన రీటా షారన్ ఇటు వైద్యురాలు, అటు ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేట్ పొందిన విదుషీమణి. 1993లో ఆమె తన విద్యార్థులకు 'సమాంతర చార్టు' అలవాటు చేసింది. నాడి, రక్తపోటు, మందుల వివరాలు కేస్ షీట్లో ఉంటాయి. మంచం మీది పెద్దాయనను చూడగానే అదే జబ్బుతో పోయిన తాతయ్య గుర్తొచ్చి కళ్లు చెమర్చితే, ఆ మాటకు కేస్ షీట్లో చోటుండదు. కానీ ఎక్కడో ఒకచోట రాయక తప్పదని షారన్ నమ్మింది. ఆ చోటే సమాంతర చార్టు; విద్యార్థులు అందులో మామూలు మాటల్లో రాసుకొచ్చి, చిన్న బృందంలో పైకి చదివేవారు. వినేవాళ్లు ఏ మాట ఎందుకు వాడారో, ఏది చెప్పకుండా వదిలేశారో గమనించేవారు. కథ చదివేటప్పుడు అలవడిన ఆ చూపే రోగి మాట వినడానికీ పనికొస్తుందన్నది ఆమె వాదన. 2009లో కొలంబియాలో కథన వైద్యం మాస్టర్స్ డిగ్రీ స్థాయికి ఎదిగింది.

వైద్యాన్ని చరిత్ర, సంస్కృతులతో కలిపి చదివే ప్రయత్నం తెలుగు నేలపైనా జరిగింది. 1956లో హైదరాబాద్‌లోని ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగం ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు డి.వి. సుబ్బారెడ్డి. సాహిత్యంలోనేమో వైద్యుడే అయిన కొమ్మూరి వేణుగోపాలరావు 'హౌస్ సర్జన్' నవలతో ఆసుపత్రి లోకాన్ని పాఠకుల ముందుంచాడు.

2009లో ఢిల్లీలోని యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో వైద్య మానవీయ శాస్త్రాల బృందం మొదలై, నాటకాన్ని కూడా బోధనలోకి తెచ్చింది. 2019 నుంచి దేశమంతటా ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణలకు ప్రత్యేక పాఠాలు చేరాయి. వైద్యుడిగా ఉండటమంటే ఏమిటన్న ప్రశ్నతో పాటు రోగిగా ఉండటమంటే ఏమిటన్నదీ మొదటి సంవత్సరంలోనే విద్యార్థి ముందుకు వస్తోంది.