సవాద్ పల్లెలు, బాగ్దాద్ నగరం

బాగ్దాద్ పతనం అనగానే మనకు హులాగూ పేరు గుర్తుకు వస్తుంది. 1258లో మంగోలు సైన్యం ఆ నగరాన్ని ధ్వంసం చేసిన మాట నిజమే. కాని ఆ నగరానికి తిండి పెట్టిన పెద్ద కాలువకు 937లోనే, అంటే హులాగూకు 321 సంవత్సరాల ముందే, ఒక ముస్లిం సేనాధిపతి గండి కొట్టించాడు. మన చరిత్ర పాఠాలలో ఈ సంగతి అరుదుగా కనిపిస్తుంది. శత్రువు చేసిన అపకారం చెప్పుకోవడం సులభం, మనవారు చేసింది చెప్పుకోవడం కష్టం.

దజ్లా, ఫురాత్ నదుల మధ్యనున్న దక్షిణ ఇరాక్ మైదానాన్ని అరబ్బులు ‘సవాద్’ అన్నారు. సవాద్ అంటే నలుపు. ఎడారి నుండి వచ్చేవారికి ఖర్జూరపు తోటలు, పైరు పొలాలు దూరాన నల్లగా కనిపించేవి. ఈ మాటను తెలుగులో ఏమనాలో నాకు చాలాకాలం తోచలేదు. ‘పచ్చని సీమ’ అంటే అర్థం వస్తుంది గాని ఎడారివాసి చూపు పోతుంది. అందుకే సవాద్ అనే ఉంచుతున్నాను.

ఖాదిసియా యుద్ధం తరువాత ఈ నేల ముస్లింల వశమైంది. దానిని యోధులకు పంచిపెట్టాలని హజ్రత్ బిలాల్ (రజి), హజ్రత్ జుబైర్ (రజి) వంటివారు గట్టిగా కోరారు. అది న్యాయంకాని కోరిక కాదు. యుద్ధలబ్ధిని పంచడం అప్పటికే ఆచారం. అయినా హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. నేలంతా ఇప్పుడే పంచితే తరువాత పుట్టబోయే వారికి ఏమి మిగులుతుందన్నది ఆయన ప్రశ్న. వాదం రోజుల తరబడి సాగింది. చివరకు సూరా హష్ర్‌లో తరువాత వచ్చేవారి ప్రస్తావనను ఆధారంగా చూపి ఆయన అందరినీ ఒప్పించారు. నేల పాత రైతుల చేతిలోనే ఉండిపోయింది; వారు ఖరాజ్ చెల్లించాలి. ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) కొలత వేయగా 3 కోట్ల 60 లక్షల జరీబుల నేల తేలిందనీ, జరీబుకు ఒక దిర్హమ్, ఒక ఖఫీజ్ ధాన్యం నిర్ణయించారనీ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో రాశారు. నేల మోయలేని భారం వేశారేమోనని హజ్రత్ ఉమర్ (రజి) తన షహాదత్‌కు కొన్ని రోజుల ముందు కూడా ఆ అధికారులను అడిగినట్లు బుఖారీలో ఉంది.

ఈ నిర్ణయమే నగరాల రూపాన్ని కూడా తేల్చింది. అరబ్బు యోధులు పల్లెలలో భూస్వాములుగా చెదిరిపోక, బస్రా, కూఫాలలో దీవాన్ నుండి భత్యం తీసుకుంటూ ఒకచోట నివసించారు. కూఫాలో మధ్యన మస్జిద్, దాని చెంత పాలకుని భవనం, చుట్టూ తెగల వాడలు ఏర్పడ్డాయి. పెద్ద వీధులు 40 మూరలు, తరువాతివి 30, 20. సందులు 7 మూరలు ఉండాలన్న లెక్క తబరీలో కనిపిస్తుంది. మొదట రెల్లు గుడిసెలు; అవి తగులబడ్డాక ఇటుక ఇండ్లు.

762లో ఖలీఫా మన్సూర్ బాగ్దాద్‌కు పునాది వేసినప్పుడు కాలువల సౌకర్యాన్నే ముఖ్యంగా చూశాడు. ఫురాత్ నీరు ఈసా కాలువ గుండా దజ్లాకు చేరేది. ధాన్యపు పడవలూ ఆ దారినే వచ్చేవి. తూర్పున 200 కిలోమీటర్లకు పైగా సాగిన నహ్రవాన్ కాలువ సాసానీ రాజుల నాటిది. హారూన్ రషీద్ కోసం రాసిన గ్రంథంలో అబూ యూసుఫ్ (మరణం 798) పెద్ద కాలువల మరమ్మతు ఖర్చు ప్రభుత్వానిదే అన్నారు. పారుదల నీటితో పండిన గోధుమ, యవలలో అయిదింట రెండు వంతులు, తోడి పారించిన దానిలో పదింట మూడు వంతులు తీసుకోవాలన్నారు. మోట తోలినవారికి ఆ తేడా ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. పన్ను వసూలును గుత్తకు ఇవ్వడాన్ని ఆయన తీవ్రంగా ఖండించారు.

ఆ ఖండనను ఎవరూ ఎక్కువ కాలం లెక్కచేయలేదు. గుత్తలు పెరిగాయి. బస్రా దిగువన ఉప్పు నేలలను బాగుచేయడానికి తెచ్చిన జంజ్ బానిసలు 869లో తిరగబడి 883 దాకా పోరాడారు. బువైహీ పాలకులు జీతానికి బదులు సైనికులకు భూములు రాసిచ్చారు. వారు నేలను పీల్చి, బీడుపడ్డాక తిరిగి ఇచ్చేసి మంచి భూములు కోరేవారని ఆ శతాబ్దపు చరిత్రకారుడు మిస్కవైహ్ రాశాడు. కాలువ పూడిక తీయించాలన్న ఆలోచన అలాంటివారికి ఎందుకు వస్తుంది?

ఇబ్ను ఖల్దూన్ 1377లో ముగించిన ‘ముఖద్దిమా’లో పల్లె, నగరం రెండూ ‘ఉమ్రాన్’ అనే ఒకే మాట కిందికి వస్తాయి. పల్లె ముందు, నగరం తరువాత. దౌర్జన్యం ఉమ్రాన్‌ను ‘ఖరాబ్’ చేస్తుందని నిరూపించడానికి ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. సాగుకు రాని నేలకు తెలంగాణ పహాణీలలో రాసే ‘ఖరాబు’ ఈ మాటే.

1965లో వెలువడిన తన గ్రంథంలో రాబర్ట్ ఆడమ్స్, బాగ్దాద్ తూర్పున దియాలా మైదానంలో పాత కాలువలను, పాడుబడిన ఊళ్ళ దిబ్బలను పరిశీలించి, అక్కడి క్షీణత మంగోలులకు చాలా ముందే మొదలైందని చూపాడు.

ఇక 937 నాటి సంగతి. అమీరుల్ ఉమరా పదవిలో ఉన్న ఇబ్ను రాయిఖ్, తన మీదికి వస్తున్న బజ్కమ్ సైన్యాన్ని అడ్డుకోవాలని నహ్రవాన్‌కు గండి కొట్టించాడు. నీరు పొలాల మీద పడింది. బజ్కమ్ మాత్రం ఆగలేదు. 938లో బాగ్దాద్‌లో ప్రవేశించి ఆ పదవినే తీసుకున్నాడు. కాలువకు తరువాత మరమ్మతులు జరిగాయి గాని మునుపటి పారుదల తిరిగి రాలేదు.