ఏ అంకె పక్కన నక్షత్రం?

బేస్‌బాల్ నాకు అమెరికా ఆన్‌సైట్‌లో అలవాటైంది. క్రికెట్ పిచ్చోడికి మొదట్లో అది పిల్లల ఆటలా అనిపిస్తుంది. తర్వాత అంకెల్లో పడతాం. ప్రతి బంతికీ లెక్క, ప్రతి ఆటగాడికీ వందేళ్ళ కిందటి నుంచీ రికార్డు. ఆ అంకెల్లో తిరుగుతుంటే రోజర్ మారిస్ దగ్గర ఆగిపోయాను.

మారిస్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 61. 1927లో బేబ్ రూత్ ఒక సీజన్‌లో 60 హోమ్‌ రన్లు కొట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత, 1961 అక్టోబర్ 1న, సీజన్ ఆఖరి రోజున, న్యూయార్క్ యాంకీస్ రైట్ ఫీల్డర్ మారిస్ అరవై ఒకటోది కొట్టాడు. సంబరం జరగాల్సిన చోట పేచీ మొదలైంది. రూత్ కాలంలో సీజన్‌కి 154 ఆటలు, 1961లో 162. బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఆ జూలైలోనే తీర్పు చెప్పేశాడు: 154 ఆటల్లోపు దాటకపోతే రికార్డు పక్కన ఏదో ఒక గుర్తు ఉండాలని. నిజానికి రికార్డు పుస్తకాల్లో నక్షత్రం గుర్తేమీ వేయలేదు, ఇద్దరి పేర్లూ విడివిడిగా వేశారు. అయినా జనం నోట్లో ఆ నక్షత్రం నిలిచిపోయింది. ఆ ఏడాది ఒత్తిడికి మారిస్ జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది.

ఈ కథ మీద సినిమా కూడా వచ్చింది. నాకు మాత్రం ఐదేళ్ళ తర్వాతి కథ ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది.

1965 జూన్‌లో హోమ్ ప్లేట్ దగ్గర స్లయిడ్ చేస్తూ మారిస్ కుడిచేతికి దెబ్బ తగిలించుకున్నాడు. పెద్దదేం కాదన్నారు. నొప్పి తగ్గలేదు. ఆ సీజన్‌లో ఆడింది 46 ఆటలే. సీజన్ ముగిసే వేళకి తేలింది ఏమిటంటే, చేతిలో ఎముక విరిగింది. హేమేట్ అని, చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర ఉండే చిన్న ఎముక. ఎడమచేతి వాటం బ్యాటర్‌కి బ్యాట్ పిడి అడుగున ఉండేది కుడిచెయ్యి, పిడి చివర ఆనేది సరిగ్గా ఆ ఎముక దగ్గరే. సర్జరీ అయింది కానీ పాత పట్టు మళ్ళీ రాలేదు. విషయం జట్టుకి ముందే తెలుసనీ, తనకి చెప్పకుండా దాచారనీ మారిస్ అనుమానం.

ఈలోపు స్టాండ్స్‌లో వెక్కిరింతలు, పేపర్లలో రాతలు. నొప్పి సాకు పెట్టి ఆడటం లేదన్నారు. 1966లో 119 ఆటల్లో 13 హోమ్‌ రన్లు, సగటు 0.233. క్రికెట్ సగటులా కాదిది. వెయ్యిసార్లు బ్యాటింగ్ లెక్కలోకొస్తే అందులో 233 హిట్లు అన్నమాట. ఒకప్పుడు వరసగా ట్రోఫీలు ఎత్తుకెళ్ళిన యాంకీస్ ఆ ఏడాది పది జట్లలో పదో స్థానంలో నిలిచింది.

ఇక ఆఫ్‌సీజన్. కొత్తగా జనరల్ మేనేజర్ అయిన లీ మెక్‌ఫెయిల్ ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు. నవంబర్‌లో థర్డ్ బేస్‌మన్ క్లీట్ బోయర్‌ని అట్లాంటాకి ఇచ్చేశారు. ఆ చోటు ఖాళీ. డిసెంబర్ 8న, రెండుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన మారిస్‌ని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి ఇచ్చి, బదులుగా చార్లీ స్మిత్ అనే సాదాసీదా థర్డ్ బేస్‌మన్‌ని తెచ్చుకున్నారు. అప్పటి నిబంధనల ప్రకారం ఆటగాడు జట్టు ఆస్తి. పొమ్మంటే పోవాలి, లేదా ఆట మానేయాలి. మారిస్ మానేద్దామనే అనుకుంటున్నాడు అప్పటికి.

ఎక్సెల్ షీట్‌లో చూస్తే మెక్‌ఫెయిల్ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. హోమ్‌ రన్లు 61, 33, 23, 26, 8, 13. వయసు 32. ఈ వరస చూసి ఎవరైనా అదే పని చేస్తారు. కానీ ఆ షీట్‌లో ఒక కాలమ్ లేదు. ఆఖరి రెండు అంకెల పక్కన ‘చెయ్యి విరిగి ఉంది’ అని ఎక్కడా లేదు. అవసరం లేని 61 పక్కన నక్షత్రం కోసం దేశమంతా కొట్టుకుంది. అవసరమైన 0.233 పక్కన ఎవరూ పెట్టలేదు.

అదే శీతాకాలంలో అదే జట్టు మోకాళ్ళు అరిగిపోయిన మికీ మాంటిల్‌ని ఫస్ట్ బేస్‌కి మార్చింది, పరుగు తగ్గుతుందని. మాంటిల్ ఇంటి బిడ్డ. మారిస్ కాన్సస్ సిటీ నుంచి వచ్చినవాడు, నవ్వడం సరిగా రానివాడు. గాయం అందరికీ ఒకటే, దాన్ని నమ్మడమే మనిషిని బట్టి ఉంటుంది.

సెయింట్ లూయిస్‌లో మారిస్ కోసం రైట్ ఫీల్డర్ మైక్ షానన్ థర్డ్ బేస్‌కి జరిగాడు. అక్కడెవరూ మారిస్‌ని 61 అడగలేదు. 1967లో కొట్టింది 9 హోమ్‌ రన్లే, సగటు 0.261. బలం లేదు కాబట్టి బంతిని ఖాళీల్లోకి తోశాడు, రన్నర్లని ఇంటికి చేర్చాడు. బోస్టన్ మీద ఏడు ఆటల వరల్డ్ సిరీస్‌లో సగటు 0.385, ఏడు రన్లు కొట్టించాడు, ఆ జట్టులో అందరికంటే ఎక్కువ. కార్డినల్స్ గెలిచింది. మర్నాడు ఏడాది మళ్ళీ ఫైనల్‌కొచ్చింది. ఆ తర్వాత మారిస్ రిటైరయ్యాడు. చార్లీ స్మిత్ యాంకీస్‌కి ఆడింది రెండు సీజన్లే.

మారిస్ మళ్ళీ యాంకీ స్టేడియంలో అడుగుపెట్టింది 1978లో. 1984లో అతని 9 నంబర్ జెర్సీకి జట్టు శాశ్వత గౌరవం ఇచ్చింది. 1985 డిసెంబర్‌లో, 51 ఏళ్ళకి, క్యాన్సర్‌తో పోయాడు. రికార్డుల్లో ఆ విడివిడి వరసలు తీసేసింది 1991లో. చూడ్డానికి అతను లేడు.

రెండేళ్ళ కిందట నాకు మణికట్టు నొప్పొచ్చి మూడు నెలలు కీబోర్డ్ మీద నెమ్మదించాను. ఏడాది చివర అప్రైజల్ ఫారంలో పూర్తిచేసిన పనుల సంఖ్య ఉంది, పోయినేటితో పోలిక ఉంది. నొప్పికి గడి లేదు. నేనూ చెప్పలేదు, సాకు అనుకుంటారని. ఇప్పుడు టీమ్‌లో ఆరుగురి ఫారాలు నేనే నింపుతున్నాను. అంకె తగ్గినచోట ముందు ఆ మనిషికి ఫోన్ చేస్తున్నాను.