ఫలము చూడని కానుక

కానుక ఇచ్చునప్పుడు దాని ఫలమును కన్నులార చూడవలెనని మనకందరికిని ఆశ కలదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితిమా, వాడు తినుచుండగానే మన మనస్సు నిండును. చలికి వణకువానికి దుప్పటి కప్పితిమా, దాని ప్రయోజనము ఆ రాత్రియే తెలియును. అయితే ఇంకను ఎవరికిని తెలియని మందును వెదకుటకై ఎవరైన మనలను ద్రవ్యమడిగినయెడల ఏమందుము? అది దొరకునో లేదో. దొరికినను మనము బ్రతికియుండగా దొరకునో లేదో. అట్టి కానుకలమీద నిలిచిన యొక పిల్లల ఆసుపత్రి చరిత్రను ఈ మాసము మీ యెదుట ఉంచుచున్నాను.

అమెరికాలో టెనెస్సీ రాష్ట్రమున, మెంఫిస్ పట్టణమందు సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రి యున్నది. దాని మొదలు ఒక మ్రొక్కుబడి. డానీ థామస్ అను హాస్యనటుడు 1912లో, లెబనోనునుండి వలసవచ్చిన కుటుంబములో పుట్టెను. తలిదండ్రులు పెట్టిన పేరులో యాకోబు అను మాటయు కలదు. యౌవనమున సరియైన పని లేక, భార్యకు కానుపు ఖర్చు ఎట్లని దిగులుపడుచు, చేతనున్న చివరి ఏడు డాలర్లను దేవాలయములో కానుక వేసెననియు, వెంటనే ఒక చిన్న వేషము దొరకి దానికి పదిరెట్లు సొమ్ము వచ్చెననియు చెప్పుదురు. తరువాత మరల దారి తోచనప్పుడు, తద్దయి యనబడిన అపొస్తలుడైన యూదా పేరట అతడు మ్రొక్కుకొనెను. తన జీవితమునకు త్రోవ చూపినయెడల ఒక పుణ్యస్థలము కట్టింతుననెను.

రోమను కతోలికులు ఈ అపొస్తలుని ఆశ లుడిగినవారికి ఆదరువుగా ఎంచుదురు. పరిశుద్ధులను వేడుకొనుట మన సంఘముల పద్ధతి కాదు. అయినను బేతేలులో యాకోబు చేసిన మ్రొక్కుబడిని మనమెరుగుదుము. అతడును షరతు పెట్టియే మ్రొక్కెను. కలిమి వచ్చిన పిమ్మట బేతేలునకు మరలిపోవుటకు దేవుడే అతనికి జ్ఞాపకము చేయవలసివచ్చెను. థామస్‌కు సినిమాలలోను టెలివిజనులోను కీర్తి వచ్చెను. మ్రొక్కుబడి మాత్రము మిగిలియుండెను. అప్పుడతడు కార్డినల్ శామ్యూల్ స్ట్రిచ్‌ను ఆలోచన అడిగెను. ఆయన తన స్వరాష్ట్రములోని మెంఫిస్‌ను చూపెను.

ఒక్కని ధనముతో అగు పని కాదు. లెబనోను, సిరియా దేశములనుండి వచ్చినవారి సంతతివారు, తమ కుటుంబములను చేర్చుకొన్న దేశమునకు కృతజ్ఞతగా 1957లో ఒక ధర్మసంస్థగా కూడి ఈ భారమును ఎత్తుకొనిరి. పాల్ విలియమ్స్ అను నల్లజాతి శిల్పి రుసుము పుచ్చుకొనకయే కట్టడమునకు నమూనా గీసి ఇచ్చెను. 1962 ఫిబ్రవరి 4న తలుపులు తెరచిరి. దక్షిణ రాష్ట్రములలో నల్లవారిని తెల్లవారిని వేరువేరుగా ఉంచిన దినములవి. ఇక్కడ మాత్రము ఏ జాతి బిడ్డకైనను ఒకే వార్డు, ఒకే వైద్యము. ఆరేండ్లకు, 1968 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ హతుడైనది ఆ పట్టణములోనే యని తలచుకొన్న, ఆ వార్డుల విలువ తెలియును.

కట్టడము లేచినంతమాత్రమున మ్రొక్కుబడి తీరెనా? ఆనాడు పిల్లలకు తరచుగా వచ్చు రక్తకేన్సరు సోకిన నూరుమందిలో నలుగురే బ్రతుకుచుండిరి. బాధ తగ్గించి, మంచి మాటలాడి, సాగనంపుటయే వైద్యుని పనియని పెక్కుమంది తలంచిరి. ఆసుపత్రి మొదటి అధిపతియైన డాక్టర్ డొనాల్డ్ పింకెల్ అందుకు సమ్మతింపలేదు. ఉన్న మందులను ఒకదాని తరువాత ఒకటిగాక కలిపి ఇచ్చెను. మందులు చేరలేని మెదడు పొరలలో వ్యాధి దాగియుండి మరల లేచుచున్నదని గ్రహించి, అచ్చటికిని చికిత్సను పంపెను. జబ్బు కనబడకుండ పోయిన తరువాతను రెండు మూడేండ్లు మందులు మానలేదు. మొదటి ప్రయత్నములలో బ్రతికినవారు కొద్దిమందియే. 1967లో మొదలైన అయిదవ ప్రయత్నములో సుమారు సగముమంది స్వస్థులైరి. ఆ అయిదేండ్లు చందాలిచ్చినవారికి కనబడినవి ఎక్కువగా సమాధులే గదా! అయినను వారు చేయి ముడుచుకొనలేదు.

ఈ కథలో మన తెలుగు నేలకును పాలు కలదు. 1895లో భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికాకు చదువబోయినది మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధివారి సహాయ వాగ్దానమును, మామగారు కూర్చిన సొమ్మును నమ్ముకొనియే. ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకిచ్చి, కొంతకాలమైనను వ్యాధి వెనుదీయుటను 1948లో ప్రకటించెను. దాని తోడి మందైన మెథోట్రెక్సేటును పింకెల్ వాడెను. మన పెరళ్లలో పూచు బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టీనును వాడెను. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూసిరి. ఆ పిల్లలు స్వస్థులగుటను చూడలేదు. ఆయన్ను పంపినవారి కానుక ఎంతదూరము పోయెనో వారికేమి తెలియును?

వెదకువారు తమ విజయమునుగూడ పరీక్షించుకొనవలెను. బ్రతికించిన రేడియేషనే ఎదుగు మెదడుకు హాని చేయుచున్నదని తెలియగా, ఆ ఆసుపత్రి వైద్యులే అది లేకుండ చికిత్స చేయవచ్చునని 2009లో రుజువుచేసిరి. నేడు ఆ వ్యాధికి అక్కడ చికిత్స పొందిన నూరుమందిలో తొంబదినలుగురు అయిదేండ్లు దాటి బ్రతుకుచున్నారు. వైద్యమునకుగాని, ప్రయాణమునకుగాని, బసకుగాని, భోజనమునకుగాని ఏ కుటుంబమునకును బిల్లు రాదు. థామస్ 1991లో మరణించెను. అతనిని ఆ ఆవరణలోనే సమాధిచేసిరి.

అయినను పని ముగియలేదు. ప్రపంచములో ఏటేట సుమారు 4 లక్షలమంది పిల్లలకు కేన్సరు వచ్చుచున్నది. ధనిక దేశములలో నూటికి ఎనుబదిమందికి పైగా స్వస్థులగుచుండగా, పెక్కు బీద దేశములలో ముప్పదిమందియైనను కారు. మందు దొరకలేదని కాదు; మందు చేరలేదని. ఆరంభమున లేనిది తెలివి, నేడు లేనిది దారి.

చదువరీ, బీద విధవరాలు వేసిన రెండు కాసులు దేనికి ఖర్చయ్యెనో సువార్తికులు వ్రాయలేదు. ఆమెయు అడుగలేదు. అన్నము పెట్టుడి, దుప్పటి కప్పుడి, అవి మానవద్దు. అయితే ఈ యేడు మీ కానుకలను లెక్కపెట్టునప్పుడు, వెదకువారి నిమిత్తమును, మందును దూరపు పడకవరకు మోయువారి నిమిత్తమును ఒక పాలు వేరుగా తీసియుంచుడి. రశీదు మీ చేతికి వచ్చును. ఫలము మీరెన్నడును చూడని యొక తల్లి యింటికి చేరును.