నెల్లూరు తీరంలో సైకిలు: ఇంటి వస్తువు, ఇంటి మరమ్మతు

నెల్లూరు సముద్రతీరపు దారుల చరిత్రలో పేరుమోసినవన్నీ నిలువు దారులే, అంటే తీరం వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి సాగేవే. మద్రాసుకు పోయే ట్రంకు రోడ్డు, 1899లో బెజవాడ నుంచి గూడూరు దాకా పూర్తయిన రైలు మార్గం, రైలు కంటే ముందే సముద్రానికి ఆనుకొని తవ్విన బకింగ్‌హామ్ కాలువ, మూడూ ఒకే దిక్కున నడుస్తాయి. 1806లో మద్రాసు దగ్గర మొదలై విడతలు విడతలుగా ఉత్తరానికి పెరిగి, 1876-78 కరువు పనుల కాలంలో మరికొంత సాగి, అప్పటి మద్రాసు గవర్నరు బిరుదుతో పేరు పొందిన ఈ కాలువ పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల పొడవున ఉప్పునూ కట్టెలనూ ధాన్యాన్నీ పడవల మీద మద్రాసుకు చేర్చింది. అయితే తీరపు ఊళ్లలోని కుటుంబానికి రోజువారీ అవసరం మద్రాసుతో కాదు. కోర్టు, ఆసుపత్రి, ఉన్నత పాఠశాల, సంత, రైలు స్టేషను ఇవన్నీ పడమటి దిక్కున 10 నుంచి 25 కిలోమీటర్ల దూరంలో, కావలిలోనో నెల్లూరులోనో గూడూరులోనో ఉండేవి. పెన్నా డెల్టా కయ్యల గట్లు, సరుగుడు తోటల నడుమ ఇసుక బాటలు, కాలువ మీద అక్కడక్కడా వంతెనలు, లేనిచోట బల్లకట్టు లేదా పడవ, ఇలాంటి అడ్డ దారుల మీద ఎద్దుబండిని మించిన వేగంతో నడిచి, సామాన్య కుటుంబం సొంతంగా ఉంచుకోగలిగిన మొదటి యంత్రం సైకిలు. దాని చరిత్రను ఆ అడ్డ దారులతో కలిపి చూస్తేనే, బండితోపాటు దాని మరమ్మతు కూడా ఇంటి పనిగా ఎందుకు మారిందో తెలుస్తుంది.

దాదాపు సమానమైన రెండు చక్రాలు కలిగి, గొలుసు ద్వారా వెనుక చక్రాన్ని తిప్పే సైకిలును ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో రూపొందించగా, 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. మద్రాసు రేవులో దిగిన ర్యాలీ, హంబర్, బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ బండ్లు మొదట ఉద్యోగులకూ వకీళ్లకూ కలిగిన రైతులకూ చేరాయి. సామాన్యుడి ఇంటికి సైకిలు రావడం స్వాతంత్ర్యం తర్వాతి మాట. 1949లో మురుగప్ప కుటుంబం బర్మింగ్‌హామ్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థతో కలిసి స్థాపించిన టి.ఐ. సైకిల్స్ మద్రాసు శివార్లలోని అంబత్తూరులో హెర్క్యులిస్ బండ్లను తయారు చేయడంతో, నెల్లూరుకు సైకిలు దూరదేశపు సరుకు కాకుండా పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని మారినా, నెల్లూరు దుకాణదారు సరుకు కోసం చూసే దిక్కు మాత్రం చాలాకాలం మద్రాసే. ఉత్తరాదిన 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో కంపెనీలు వచ్చిన తర్వాత పోటీ పెరిగింది.

ఈ తీరానికీ సైకిలుకూ ఉన్న సంబంధంలో అందరికీ తెలిసిన పేరు పుచ్చలపల్లి సుందరయ్యది. 1913 మే 1న అలగానిపాడులో, అంటే నేటి విడవలూరు మండలంలో, భూస్వామ్య కుటుంబంలో పుట్టిన ఆయన 1952లో రాజ్యసభకు ఎన్నికై, ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. దీనిని ఆయన నిరాడంబరతకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి, అది నిజం కూడా. కాని పెన్నా డెల్టా ఊళ్ల నుంచి చూస్తే ఆ దృశ్యంలో వింత తక్కువ. పనిమీద పోయే మనిషి సైకిలెక్కి పోతాడు, ఢిల్లీ వాళ్లకు అది వార్త అయిందంతే.

1950ల నుంచి 1980ల దాకా సైకిలు ఒక మనిషి వాహనంగా కాక ఒక కుటుంబపు ఆస్తిగా ఉండేది. పెళ్లిలో అల్లుడికి పెట్టే సైకిలు, చేతి గడియారం, రేడియో అనే మూడింటిలో అది మొదటిది కావడం, చాలా ఇళ్లలో అది కొన్నది కాక కట్నంగా వచ్చిన వస్తువు కావడం గమనించదగినవి. తెల్లవారగానే తండ్రి కయ్యలకు నీరు మళ్లించడానికి, ఆ తర్వాత కొడుకు బడికి, మధ్యాహ్నం మిల్లుకు వడ్ల మూట, సాయంత్రం అంగడికి, రాత్రి అవసరమైతే ఆసుపత్రికి, ఇలా ఒకే బండి అయిదారు పనులకు తిరిగేది. ముందు అడ్డ కడ్డీ మీద చిన్నపిల్ల, వెనుక క్యారియర్ మీద భార్య, ఆమె ఒడిలో పసిబిడ్డ, హ్యాండిలుకు తగిలించిన సంచి, ఇదీ కుటుంబ ప్రయాణం. సీటు అందని పిల్లలు అడ్డ కడ్డీ కింది త్రికోణంలోంచి కాలు అవతలికి దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి తొక్కడం నేర్చుకునేవారు. సొంత బండి లేనివాళ్లకు అద్దె షాపు ఉండేది. మడ్‌గార్డు మీద నంబరు రాసిన సైకిళ్లను గంటల లెక్కన ఇచ్చి, తీసుకున్నవాడి పేరూ వేళా ఒక పుస్తకంలో రాసుకునే ఈ షాపు, పెద్ద ఊళ్లలో బస్సు స్టాండుకో టీ అంగడికో పక్కన వెలిసేది.

పని కోసం చేసే ప్రయాణంలో సైకిలు తెచ్చిన మార్పు చేపల వ్యాపారంలో అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి చోట్ల పట్టపుపాళేలలో, అంటే పట్టపు కులస్థులైన మత్స్యకారుల ఊళ్లలో, మగవాళ్లు వేటకు పోతే తెచ్చిన చేపను గంపలకెత్తుకొని చుట్టుపక్కల ఊళ్లలో అమ్మడం ఆడవాళ్ల పని. నెత్తిన గంపతో నడిచే మనిషి ఎంత దూరం పోగలదో, చేప చెడిపోకుండా ఎంతసేపు ఉండగలదో, ఆ రెండు కొలతలే అమ్మకపు హద్దును గీసేవి. సైకిలు క్యారియర్ మీద వెదురు గంపనో చెక్కపెట్టెనో తాళ్లతో బిగించి, ఐసు దొరికేచోట ఐసు వేసి బయలుదేరిన వ్యాపారి ఆ హద్దును ఎన్నో రెట్లు దాటించాడు. మైపాడు నుంచి నెల్లూరుకు 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, పొద్దెక్కేలోపే ఆ దూరం తొక్కి చేప అమ్మడం సాధ్యమైంది. అయితే ఆ సైకిలు తొక్కినవాడు మగవాడు. దూరపు బేరం, దానితో వచ్చే ఎక్కువ ధర అతని చేతికి పోగా, గంప మోసే ఆడమనిషికి దగ్గరి ఊళ్లే మిగిలాయి. సైకిలు అందరికీ ఒకేరకంగా మేలు చేసిందనే మాటను ఈ ఒక్క ఉదాహరణ దగ్గరైనా సరిచూసుకోవాలి. ఉప్పు కొటార్లకు పోయే కూలీలు, తపాలా బంట్రోతులు, పాలవాళ్లు, 1980ల చివర నుంచి రొయ్యల గుంటల కాపలాకు పోయినవాళ్లు కూడా సైకిలునే నమ్ముకున్నారు.

ప్రభుత్వం సైకిలును వాహనంగానే లెక్కించేది; మునిసిపాలిటీలూ పంచాయతీలూ దానిపై పన్ను కట్టించుకొని, కట్టినందుకు గుర్తుగా ఏటా రేకు బిళ్ల ఇచ్చేవి. పట్టణంలో చీకటిపడ్డాక దీపం లేకుండా పోయినా, ఇద్దరెక్కి ‘డబుల్స్’ పోయినా పోలీసులు పట్టుకోవడం ఉండేది. టైరుకు రాసుకొని తిరిగే డైనమో దీపం కొన్న ఇళ్లు తక్కువ కాబట్టి, నూనె దీపమో టార్చిలైటో చేత పట్టుకొని పట్టణం పొలిమేర దాటేదాకా ఓపిక పట్టేవారు.

మరమ్మతు విషయానికి వస్తే, ఈ తీరంలో సైకిలుకు శత్రువులు మూడు: ముల్లు, ఇసుక, ఉప్పుగాలి. బయటి దేశం నుంచి వచ్చి కాలువ గట్లనూ దిబ్బలనూ ఆక్రమించిన సర్కారు తుమ్మ ముల్లు పంక్చరుకు ప్రధాన కారణం. ఊరికీ ఊరికీ నడుమ షాపు లేని దారిలో పంక్చరు పడితే బండిని నెట్టుకుంటూ నడవడం తప్ప గతి లేదు కాబట్టి, సొల్యూషను గొట్టం, గరుకు కాగితం, పాత ట్యూబు ముక్క, గాలి పంపు చాలా ఇళ్లలో చూరు కిందనో గూట్లోనో ఉండేవి. వెనుక చక్రం విప్పనవసరం లేకుండానే టైరు ఒక అంచును గరిటె కాడతో పైకి లేపి ట్యూబును బయటికి లాగుతారు. గాలి కొట్టి, పళ్లెంలోని నీళ్లలో జానెడు జానెడుగా ముంచుతూ పోతే ఒకచోట బుడగలు సన్నగా వరుస కడతాయి. అక్కడ అగ్గిపుల్లతో గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది సొల్యూషను పూస్తారు. పూయగానే అతికించేవాడు కొత్తవాడు. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండేదాకా ఆగి, అప్పుడు ముక్క వేసి రాతితోనో సుత్తితోనో నెమ్మదిగా కొట్టేవాడు తెలిసినవాడు. ఆ తర్వాత టైరు లోపల వేళ్లు పోనిచ్చి ముల్లు మొన ఇంకా ఉందేమో తడిమి చూడాలి, చూడకపోతే పని మళ్లీ మొదటికి వస్తుంది. గాలి దానంతటదే పోతుంటే తప్పు ట్యూబుది కాకపోవచ్చు, గాలి లోపలికే పోనిచ్చి వెనక్కి రానీయకుండా అడ్డుకునే వాల్వుపైన తొడిగిన సన్నని రబ్బరు గొట్టం, అంటే వాల్వ్‌ట్యూబు, ఎండకు చీలి ఉండవచ్చు. దానిని దుకాణంలో అంగుళాల లెక్కన కొనేవారు.

ఇసుక చేసే నష్టం కంటికి కనిపించనిది. చక్రం నడిమి హబ్బులో ఇరుసు చుట్టూ గోళీలు ఉంటాయి. సాధారణ సైకిలు వెనుక హబ్బులో పక్కకు 9 చొప్పున పావు అంగుళపు గోళీలు, ముందు హబ్బులో పక్కకు 10 చొప్పున ఇంకా చిన్నవి. ఇసుక చేరితే గ్రీజు రాపిడి పిండిలా మారి గోళీలనూ అవి తిరిగే గిన్నెలనూ అరగదీస్తుంది. అందుకే ఏడాదికొకసారైనా బండిని పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించడం అవసరం. ‘ఓవర్‌హాలింగు’ అనే ఈ పనిని షాపులవాళ్లు ‘ఓవరాయిలింగు’గా మార్చుకున్నారు. నూనెతో జరిగే పని గనుక ఆ మార్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. విప్పడం తెలియనివాళ్లు చేసే మొదటి పొరపాటు ఎడమ పెడలు దగ్గర జరుగుతుంది. తొక్కేటప్పుడు ఊడిపోకుండా దాని మరను ఎదురు దిశలో చేస్తారు, కాబట్టి విప్పుదామని తిప్పినకొద్దీ అది బిగుసుకుంటుంది.

ఉప్పుగాలి ముందుగా రిమ్ముల మీద పనిచేస్తుంది. మెరుపు పూత కింద చిన్న పొక్కుగా మొదలైన తుప్పు రెండు వానకాలాల్లో పుల్లల మొదళ్లను తినేస్తుంది. కొబ్బరినూనె గుడ్డతో తుడవడం, ఫ్రేముకు ప్లాస్టిక్ పట్టీలు చుట్టడం, చైనును కిరసనాయిలులో నానబెట్టడం ఇంటి జాగ్రత్తలు. చేపల వ్యాపారి బండికి క్యారియరే ముందు పోయేది, ఎందుకంటే పెట్టెలోంచి కారే ఉప్పునీరు పడేది దానిమీదే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన వాటిలాంటి తుపాన్లలో ఉప్పునీట మునిగిన సైకిలును వెంటనే మంచినీళ్లతో కడిగి విప్పకపోతే లోపలి గోళీలు కొద్దిరోజుల్లోనే పట్టేస్తాయి.

ఇంటికీ షాపుకూ మధ్య పని పంపకం ఇలా ఉండేది: పంక్చరు, బ్రేకు కట్టెలు, చైను బిగింపు, గ్రీజు ఇంటివి. బరువుకు వంకరపోయిన రిమ్ముకు పుల్లలను ఒక్కొక్కటిగా బిగిస్తూ వదులుస్తూ బెండు తీయడం, పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగితే మార్చడం, విరిగిన ఫ్రేముకు వెల్డింగు షాపువి. ఇందులో గమనించదగిన సంగతి, ఇంటి మరమ్మతు తండ్రి నుంచి కొడుక్కి చేరింది గాని కూతురికి చాలాకాలం చేరలేదు. పళ్లెంలో నీళ్లు తెచ్చి ఇవ్వడం ఆడపిల్ల పని, అందులో ట్యూబు ముంచడం మగపిల్లవాడి పని. 2014 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకంలో హైస్కూలు బాలికలకు సైకిళ్లు పంచేనాటికి, పంక్చరు ఇంట్లో వేసుకునే అలవాటే తగ్గిపోయింది.

ఆ తగ్గుదల 1980లలో మొదలైంది. 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడు చేపల గంపకు కొత్త వాహనమైంది. 1984లో హీరో సైకిళ్ల కుటుంబమే జపాన్ హోండాతో కలిసి మోటారు సైకిళ్ల కంపెనీ పెట్టడంతో, పెళ్లి కానుకల జాబితాలో సైకిలు చోటు పోయింది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైన తర్వాత ముత్తుకూరు దారిన పనికి పోయేవాళ్లలో తొక్కేవాళ్లు అరుదు. అయినా 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 44.8 శాతం ఇళ్లలో సైకిలు ఉన్నట్టు తేలింది, అంటే వస్తువు మిగిలింది, దాని పని మారింది.

కాలువ గురించీ రైలు గురించీ గెజిటీర్లలో పేజీలకు పేజీలు ఉన్నాయి. ఈ అడ్డ దారుల ప్రయాణానికి ఆధారాలు మాత్రం ఇళ్లలోనే ఉన్నాయి: పన్ను కట్టినందుకు ఇచ్చిన రేకు బిళ్లలు, అద్దె షాపుల లెక్కల పుస్తకాలు, కొన్ననాటి రసీదులు. నెల్లూరు తీరపు ఊళ్లలో ఇలాంటివి ఉన్నవారు వాటిని పాత ఇనుముతోపాటు తూకానికి వేయకుండా, కనీసం వాటి మీది సంవత్సరాన్నీ ఊరి పేరునూ రాసి ఉంచాలి.